హబెల్ బొమ్మ కుట్టిన చొక్కా

వాయ్‌హటు ఊళ్లో సముద్రానికి తలుపు వేయాలన్నా తీయాలన్నా హబెల్ నన్లోహి గొంతు లేవాలి. తలుపంటే చెక్కతో చేసింది కాదు. రేవుకు ఇటు కొసన ఒక గుంజ, అటు కొసన ఒక గుంజ పాతి, వాటికి లేత కొబ్బరాకులు చీల్చి కట్టి, శంఖం ఊది, తాతల నాటి భాషలో నాలుగు మాటలు పలికితే చాలు, ఆ గుంజల మధ్య నీళ్లు మూతపడ్డట్టే. దాన్ని ససి కట్టడం అంటారు. కట్టాక మళ్లీ విప్పేదాకా ఆ నీళ్లలోంచి ఒక్క గుల్ల కూడా పైకి రాకూడదు. ఊరి పెద్ద రాజాగారికైనా అదే మాట, పాస్టరుగారికైనా అదే మాట, కట్టిన హబెల్‌కైనా అదే మాట.

ఊరందరూ ఆయన్ని తేతే అని పిలుస్తారు. తేతే అంటే తాత. మనవలున్నవాళ్లు కూడా ఆయన్ని తాత అనే అంటారు గనక, ఆ పిలుపు వయసుకు కాదు, ఆయన చేసిన పనులకు వచ్చిందని వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన చేసినవన్నీ చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. కొన్నయినా చెప్పకపోతే మాత్రం అన్యాయం. జలసంధి అవతలి నుంచి బాంబులేసి చేపలు పట్టే ముఠా వస్తే, అందరూ కత్తులు వెతుక్కుంటున్న వేళ, ఈయన ఒంటరిగా చిన్న దోనె వేసుకుపోయి దాన్ని వాళ్ల పడవకే కట్టేసి, అందులో కాళ్లు చాపుకుని కూర్చుని కీర్తనలు అందుకున్నాడు. పుస్తకం మొదటి కీర్తనతో మొదలుపెట్టాడు. క్రిస్మస్ పాటల దగ్గరికి వచ్చేసరికి ఆ ముఠా నాయకుడు చేతులు జోడించి, "పెద్దాయనా, ఆపు, పోతాం" అన్నాడు. "ఇంకా ఈస్టరు పాటలున్నాయి" అన్నాడట ఈయన. వాళ్లు మళ్లీ రాలేదు.

గొంతు సంగతి సరేసరి. గుట్ట మీద నిలబడి చాటింపు వేస్తే ఎదుటి దీవిలో వంట చేసుకుంటున్న ఆడవాళ్లు, "ఇవాళ హబెల్ చేపల పులుసు బాగా తిన్నట్టున్నాడు, గొంతు నున్నగా ఉంది" అనుకునేవారు. ఇక మునగడమా? భార్య యాకొబా ఒడ్డున నిలబడి ఒక తిట్టు మొదలుపెట్టి ముగించేదాకా ఆయన నీళ్ల కిందే ఉండగలడు. యాకొబా తిట్లు ఎంత పొడుగో ఎరిగినవాళ్లకు ఇదెంత ఘనతో తెలుస్తుంది.

అన్నిటికంటే పెద్ద ఘనత లోలా గుల్లలది. బొంగరం బోర్లించినట్టుండే గుల్ల అది. పైన ఎర్రటి చారలు, లోపల వెన్నెల. ఆ లోపలి మెరుపును కోసి చొక్కాలకు గుండీలు చేస్తారు. హబెల్ తండ్రి కాలానికి ఆ గుల్లల్ని గీకి గీకి ఎత్తుకుపోగా, పగడపు దిబ్బ గుండు గీసిన తలలా మిగిలింది. కావలి పెద్దరికం చేతికి రాగానే హబెల్ తలుపు వేశాడు. ఏళ్లు గడిచి తలుపు తీసిన రోజున బుట్టలు చాలక ఆడవాళ్లు వంట కుండలు తెచ్చి గుల్లలు నింపుకున్నారు. ఆ రోజు పొయ్యి వెలగలేదు గానీ ఊళ్లో ఎవరికీ ఆకలి వేయలేదు.

తలుపు వేసి ఉన్న రోజుల్లో పొద్దున్నే ఆయన నీళ్ల మీద బోర్లా తేలేవాడు. చేతులు చాపి, ముఖం లోపలికి పెట్టి, కళ్లు తెరిచి. కింద లోలాలు పగడాల మీద కదిలీ కదలనట్టు పాకేవి. ఆకాశంలో చుక్కలు నడిచే తీరు అది. చూస్తూ ఉంటే కదలవు, కాసేపు కళ్లు మూసి తెరిస్తే ఇంకో చోట ఉంటాయి. అవి పెరుగుతుంటే తనకు వినిపిస్తుందని ఆయన అనేవాడు. "ఎట్లా ఉంటుంది ఆ చప్పుడు?" అని యాకొబా అడిగితే, "నిద్రపోయే పిల్ల ఊపిరిలా ఉంటుంది" అనేవాడు. "నాకు నీ గురక తప్ప ఏ ఊపిరీ వినపళ్లేదు" అనేది ఆవిడ.

తూర్పుగాలి చల్లబడి సముద్రం అద్దంలా పరుచుకున్న రోజుల్లో కెమెరాలు పట్టుకుని కొందరు దిగారు. రాజాగారే వెంటబెట్టుకు వచ్చారు.

"తేతే, వీళ్లు జకార్తా నించి వచ్చారు. చొక్కాల కంపెనీ. ప్లాస్టిక్ గుండీలు మానేసి గుల్ల గుండీలు పెడుతున్నారంట. భూమికి మంచిదంట."

"భూమికి మంచిదే. గుల్లకి మంచిదో కాదో దాన్నడగాలి" అన్నాడు హబెల్. "తలుపేసి ఉంది రాజాగారూ. ఇప్పుడేమీ అమ్మేది లేదు."

వాళ్లందరికీ పెద్దలా ఉన్న అమ్మాయి ముందుకొచ్చి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది. పేరు లరస్. మాట మెత్తన, అడుగు మెత్తన. "కొనడానికి రాలేదు తేతే. మీ కథ వినడానికొచ్చాం."

ఆ ఒక్క మాటతో హబెల్ కరిగాడు. కథ వింటామని అంత దూరం నుంచి వచ్చినవాళ్లు ఆయన జీవితంలో అంతకు ముందు లేరు. ఊళ్లోవాళ్లంటారా, విన్న కథే గనక సగంలో లేచిపోతారు. ఆయన బాంబుల ముఠా కథ చెప్పాడు, కీర్తనలు పాడి మరీ చెప్పాడు. కుండల కథ చెప్పాడు. గుంజ పక్కన నిలబడి శంఖం ఊదమంటే ఊదాడు. మళ్లీ ఊదమంటే మళ్లీ ఊదాడు. ఎండ ముఖం మీద పడేట్టు నిలబడమంటే అట్లాగే నిలబడ్డాడు. లరస్ కళ్లు ఆర్పకుండా విన్నది.

"తేతే, మీరు మాట్లాడుతుంటే సముద్రమే మాట్లాడుతున్నట్టుంది" అంది.

"సముద్రం ఇంత వాగదులే తల్లీ" అంది యాకొబా, లవంగాలు ఎండబోసిన చాప మీద చెయ్యి తిప్పుతూ.

అందరూ నవ్వారు. హబెల్ మాత్రం నవ్వలేదు. ఆ మాట ఆయన చెవిలోంచి లోపలికి దిగి, తేనెచుక్కలా ఎక్కడో అంటుకుపోయింది. వెళ్లేటప్పుడు లరస్, "మీ బొమ్మ మా చొక్కాల మీద వాడుకోవచ్చా?" అని అడిగితే, "నా మొహం మీకు పనికొస్తే పట్టుకెళ్లండి. ఇంతకాలం కాపురం చేసినా మా యాకొబాకి నచ్చలేదు" అని గట్టిగా అన్నాడు, యాకొబాకు వినబడాలని.

గాలి మళ్లీ మారిన కాలంలో ఆంబోన్ పడవ మీద చొక్కా వచ్చింది. తెల్లటి నార బట్ట, నీళ్లలా జారేది. ముందు వరసగా గుండీలు. కాలరు లోపల చిన్న బట్టముక్క మీద హబెల్ బొమ్మ నేసి ఉంది. బుగ్గలు పూరించి శంఖం ఊదుతున్న హబెల్, పక్కన కొబ్బరాకులు కట్టిన గుంజ. మెడకు వేలాడే కార్డు మీద రాసింది రాజాగారు తన వరండాలో నిలబడి నలుగురికీ వినబడేట్టు చదివారు. 'తేతే హబెల్ కాపలా కాసే సముద్రం నుంచి. ఈ గుండీ కొన్నారంటే ఒక సముద్రాన్ని కాపాడినట్టే.'

ఆదివారం హబెల్ ఆ చొక్కా వేసుకుని చర్చికి వెళ్లాడు. రోజూ కూర్చునే చోట కాకుండా కిటికీ పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ పడి గుండీలు ఒకదాని తరువాత ఒకటి వెలిగాయి. గులాబీ రంగు, పచ్చ, మళ్లీ వెండి. పాస్టరుగారు నోవహు ఓడ గురించి చెబుతుంటే, హబెల్ తన ఛాతీ మీదే ఒక ఓడ తేలుతున్నట్టు, ఎక్కడో తనెన్నడూ చూడని ఊళ్లలో, అద్దాల మేడల్లో, తనెరుగని మనుషులు ఒంటి మీద తన బొమ్మ పెట్టుకుని తిరుగుతున్నట్టు కలగన్నాడు. కళ్లు తెరిచే కలగన్నాడు. ఆరాధన ముగిసిందని పక్కవాడు మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

మర్నాడు యాకొబా చొక్కా ఉతికింది. ఉతికి ఆరేసే ముందు గుండీల్ని బొటనవేలితో తడుముతూ ఉండిపోయింది.

"ముసలాయనా, ఇవి మన సముద్రంవేనా?"

"కార్డు మీద రాసుంది కదా."

"రాసినోడి సంగతి కాదు. నిన్నడుగుతున్నా. నువ్వు తలుపేసి మూడో ఏడు నడుస్తోంది. వేసిన తలుపులోంచి ఇవెట్లా బయటికొచ్చాయి?"

యాకొబా తడి చొక్కా పట్టుకుని నిలబడి ఉంది. గుండీల్లోంచి నీళ్లు ఒక్కో చుక్కా జారుతున్నాయి.

"అయితే ఇవి ఇంకెవరిదో సముద్రంవి. అప్పుడు ఆ రాత అబద్ధం" అంది యాకొబా మెల్లగా. "రాత నిజమైతే మనూళ్లో ఎవరో దొంగతనంగా అమ్మారు. ఎవరు అమ్మారని జనం అనుకుంటారో నీకు చెప్పాలా? బొమ్మ ఎవరిదుందో వాళ్లనే."

ఆవిడ అన్నంత పనీ అయింది. అంత గొంతున్న మనిషికి ఆ వారమంతా మాట పెగల్లేదు, ఊరు మాత్రం మాట్లాడింది. ఆంబోన్‌లో చదువుకునే ఒక పిల్ల, అంగడి అద్దాల కిటికీలో తేతే బొమ్మ తలుపంత పెద్దది పెట్టారని ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. ఇంట్లోంచి ఆ మాట బావి దగ్గరికి, బావి నుంచి రేవుకి చేరింది. "మనకేమో తలుపులు, ఆయనకేమో కిటికీలు" అన్నారొకరు. "కంచే చేను మేస్తే ఇంకెవర్ని అడుగుతాం?" అన్నారింకొకరు. రేవులో ఆయన నడిచి వస్తుంటే మాటలు ఆగిపోయేవి. ఆగిపోయిన మాటలకంటే అన్న మాటలే నయం.

ఎలిఫాస్ మాత్రం మొహం మీదే అన్నాడు. ఊళ్లో హబెల్ తరువాత అంత లోతు మునగగలవాడు ఎలిఫాసే. ఈ మూడేళ్లూ సముద్రం మూసి ఉందని లవంగం చెట్లెక్కి కూలికి పోయాడు. చెట్టు మీదినుంచి పడి భుజం ఒంకర పోయినా నీళ్ల వైపు చూడలేదు. అలాంటివాడు ఒక పొద్దున్న, అందరూ చూస్తుండగా, దోనె దించి రెండు గుంజల మధ్యకు తోసుకుపోయాడు.

హబెల్ ఒడ్డున నిలబడి శంఖం ఊదాడు. తలుపు దాటినవాడిని వెనక్కి రమ్మనే పిలుపు అది. ఆ పిలుపుకు తిరగని దోనెను ఆయన ఎన్నడూ చూడలేదు. ఎలిఫాస్ తెడ్డు ఆగలేదు. అక్కడినుంచే అరిచాడు.

"తేతే, నీ చొక్కాకి గుండీ ఊడితే చెప్పు! తెచ్చిస్తా!"

ఒడ్డున ఎవరో నవ్వారు. ఆ నవ్వు హబెల్ వీపులో ముల్లులా దిగింది.

తలుపు దాటినవాడికి వాయ్‌హటులో ఒకటే శిక్ష. తీసింది తాడుకు కట్టి మెడలో వేసుకుని, ముందు గంట వాయిస్తుండగా, తను చేసిందేమిటో గట్టిగా చెప్పుకుంటూ ఊరంతా నడవాలి. వెనకటి రాజాగారి కొడుకునే నడిపించాడు హబెల్. ఆ గుల్లలు నావి కావు, స్నేహితుడు దాచమన్నాడని ఆ కుర్రాడు ఏడిస్తే, "ఎవరు తీశారని సముద్రం అడగదు, ఎవరి దగ్గరుందనే అడుగుతుంది. సొత్తు ఎవరి ఒంటి మీదుంటే వాళ్లే నడవాలి" అన్నాడు. ఆ రాజాగారు తన గుమ్మంలో తల వంచి నిలబడ్డారు. ఆ మాట ఊళ్లో చట్టమైంది.

ఆ చట్టం పట్టుకునే సాయంకాలం ఎలిఫాస్ ఇంటికి వెళ్లాడు. ఎలిఫాస్ గుమ్మంలో కూర్చుని పపేడా అనే సగ్గుపిండి జావ కలుపుతున్నాడు. లేవలేదు.

"రేపు పొద్దున్న నడవాలి ఎలిఫాస్."

"నడుస్తాను తేతే. నువ్వు ముందు నడు, నీ వెనకే వస్తా."

"నేనేం తీశానురా?"

"అది నీకే తెలియాలి. ఎవరి ఒంటి మీదుంటే వాళ్లే అన్నది నువ్వే కదా? ఆదివారం చర్చిలో అది ఎవరి ఒంటి మీదుందో దేవుడు కూడా చూశాడు, కిటికీ పక్కనే కూర్చున్నావుగా." పుల్లతో జావ చుట్టి ఎత్తి, "తింటావా?" అన్నాడు. అడిగింది మర్యాదకే, కళ్లలో మర్యాద లేదు.

హబెల్ తిరిగి వచ్చేశాడు. తలుపు ఒకడు దాటితే రేపు పదిమంది దాటతారు. కొబ్బరాకులు గాలికి ఊగుతూనే ఉంటాయి, వాటిని చూసేవాడుండడు. దిబ్బ మళ్లీ గుండు అవుతుంది. అది తన పేరు మీద అవుతుంది. ఆయనకు తన పరువు పోవడం కంటే దాని గురించే ఎక్కువ భయం వేసిందని చెప్పాలి. నిజానికి ఆ రెండూ వేరువేరని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో లవంగాల వాసన మధ్య కన్నంటుకుంది. కలలో ఎవరో సముద్రాన్ని చొక్కాలా మడతపెడుతున్నారు. అంచు పట్టి ఎత్తి, దులిపి, ప్రతి అలకూ ఒక గుండీ కుట్టి, నెమ్మదిగా ఒక పెట్టెలో పెడుతున్నారు. నీళ్లున్న చోట తెల్లటి నేల. ఆ నేల మీద లోలాలు పాకుతూ వచ్చి ఆయన పాదాల దగ్గర ఆగాయి. ఆయన వంగి ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి వినబడలేదు, ఆయన గొంతే వినబడింది. 'నా మొహం పనికొస్తే పట్టుకెళ్లండి' అంటోంది.

లేచేసరికి యాకొబా పక్కన కూర్చుని ఉంది. "కలవరించావు" అంది. "ఎవరికో దేన్నో ఇవ్వనంటున్నావు. ఇచ్చేసినదాన్ని ఇవ్వనంటే ఎట్లా?"

లరస్ రెండోసారి వచ్చింది ఆ తరువాతే. ఈసారి ఇంకా పెద్ద కెమెరాలు, ఒక గొడుగు, కొత్త చొక్కాల పెట్టె. గోడలు లేని సభ ఇంట్లో రాజాగారు చాపలు పరిపించారు. వేల చొక్కాలు అమ్ముడయ్యాయట, అంటే వేలమంది సముద్రాన్ని కాపాడారట, ఆ వేలమందికి తేతే నోటితో ఒక్క కృతజ్ఞత చెప్పిస్తే చాలట. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. ఎలిఫాస్ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

హబెల్ ఆ తెల్ల చొక్కా వేసుకునే వచ్చాడు. లరస్ మొహం విప్పారింది.

"ఎంత బాగున్నారు తేతే! ఇక్కడ నిలబడండి."

"నిలబడతా తల్లీ. ముందు ఒక మాట చెప్పు." గుండీ ఒకటి రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఇది మా సముద్రందేనా?"

ఆమె నవ్వింది. "అది మీ సముద్రం స్ఫూర్తి తేతే."

"స్ఫూర్తిని ఏ పడవలో ఎత్తుకెళ్లారమ్మా? మా రేవులో నేను చూళ్లేదే."

జనంలో నవ్వు లేచి వెంటనే అణగిపోయింది.

"అంటే... మీ పద్ధతి, మీ సంప్రదాయం, దాన్ని గౌరవించి..."

"గౌరవం ఉండనీ. గుండీ సంగతి చెప్పు. మాదని చెబితే నేను దొంగని, ఎందుకంటే మా తలుపు వేసే ఉంది. మాది కాదంటే మీ కార్డు అబద్ధం. రెంటిలో ఏదైనా సరే తల్లీ, ఇక్కడ నిలబడ్డవాళ్లకి వినబడేట్టు చెప్పు."

లరస్ చెడ్డపిల్ల కాదు. చెడ్డపిల్లే అయితే ఇంకో మెత్తని మాట వెతుక్కునేది. "గుండీలు ఫ్యాక్టరీకి బస్తాల్లో వస్తాయి" అంది. "ఎక్కడివో నాకు తెలీదు. మీవి మాత్రం కావు. నేను బొమ్మ తీశాను అంతే. మిగతాది ఆఫీసులో రాశారు."

"వినపడిందా?" అన్నారు రాజాగారు, తేలికపడిన గొంతుతో జనం వైపు తిరిగి. "తేతే తప్పేం లేదు. అయిపోయింది. ఇక ఆ కృతజ్ఞత మాట చెప్పేసెయ్ తేతే, రేవుకి మెట్లు కట్టిస్తామన్నారు."

స్తంభం దగ్గర నుంచి ఎలిఫాస్ అన్నాడు, "ఇక్కడ మన సముద్రంది కాదంది. ఊరు దాటితే తేతేదే అంటుంది. ఏ మాట నమ్మాలి రాజాగారూ? ఇదే మనిషి, ఇదే నోరు."

అది వినగానే హబెల్‌కు ఒకటి అర్థమైంది. ఆ అమ్మాయి మాట తనను కడగలేదు. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి చెప్పే నోటి నుంచి వచ్చిన క్షమాపణ కూడా ఆ గుండీ లాంటిదే, ఎక్కడిదో తెలియదు. ఊరు నమ్మేది ఒకటే ఉంది. దాన్ని ఊరికి నేర్పింది తనే.

గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. చొక్కా తీసి, ముడుతలు పడ్డ ఛాతీతో నిలబడి, దాని చేతులు రెంటినీ ముడి వేసి మెడలో వేసుకున్నాడు. బొమ్మ బయటికి కనబడేట్టు కాలరు తిప్పాడు.

"యాకొబా, గంట తీసుకురా."

రాజాగారు లేచారు. "ఏంటిది తేతే? నువ్వు తీసింది లేదని ఇప్పుడేగా తేలింది!"

"సొత్తు నా ఒంటి మీదుంది కదా రాజాగారూ. ఎవరిదో సముద్రం తలుపు విరిచి తెచ్చింది. అక్కడ కూడా ఎవడో ఒక హబెల్ ఉండే ఉంటాడు. వాడు శంఖం ఊదుతుంటే వినకుండా తెచ్చుంటారు."

కెమెరా పట్టుకున్నవాడు ఏం చెయ్యాలో తెలియక లరస్ వైపు చూశాడు. హబెల్ అతని వైపు తిరిగాడు. "తియ్యి నాయనా. పోయినసారి నా గొప్పలన్నీ తీశారు. ఇదెందుకు తియ్యరు?" లరస్ చెయ్యి చాపి ఆ కెమెరాను కిందికి దించింది. తరువాత, ఎవరూ అడగకపోయినా, "మీ బొమ్మ తీసెయ్యమని వాళ్లకి చెబుతాను తేతే" అంది.

"చెప్పు తల్లీ. వింటారో లేదో నాకంటే నీకే బాగా తెలుసు."

వాళ్లు విన్నారో లేదో వాయ్‌హటులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దూరపు ఊళ్లలో ఆ చొక్కాలు ఇంకా అమ్ముడవుతూనే ఉండవచ్చు. రేవుకు మెట్లయితే రాలేదు.

యాకొబా గంట తెచ్చింది. సభ ఇంటి ముందు నుంచి ఇసుక బాట పట్టారు, ఆవిడ ముందు, ఆయన వెనక. మొదటి దెబ్బకే చెట్ల మీది పిట్టలు లేచాయి.

"గట్టిగా కొట్టు" అన్నాడు హబెల్.

"నేనెప్పుడైనా మెల్లగా కొట్టానా?" అంది యాకొబా వెనక్కి చూడకుండా. ఆవిడ మెడ మీద నరం కదిలింది. ఏడుస్తోందో నవ్వు ఆపుకుంటోందో ఆయనకు కనబడలేదు.

అప్పుడు హబెల్ గొంతెత్తాడు. బాంబుల ముఠాను పాటలతో తరిమిన గొంతు, దీవి దాటి వంటిళ్లలోకి దూరే గొంతు, ఇప్పుడు వేరే పని చేసింది.

"వినండి వాయ్‌హటు వాళ్లారా! నా మెడలో ఉన్నది మన సముద్రంది కాదు! ఎవరి సముద్రందో నాకు తెలీదు! నా మొహం చూపించి అమ్మారు! మొహం ఇచ్చింది నేనే! పొగిడారని ఇచ్చాను! కూలి కూడా అడగలేదు, పొగడ్తే చాలనుకున్నాను!"

మధ్యాహ్నపు ఎండ పలచబడి, కొబ్బరి నీడలు బాట మీద నీళ్లలా కదులుతున్నాయి. ఆయన వాటిలో నడుస్తుంటే నీళ్ల కింద నడుస్తున్నట్టే ఉంది. చెవుల్లో అదే ఒత్తిడి, అదే మెత్తదనం. ఇళ్ల ముందు చాపల మీద లవంగాలు తిప్పుతున్న చేతులు ఆగాయి. మనుషులు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. బావి దగ్గర కిటికీల మాట అన్నావిడ కడవ కింద పెట్టి తల మీద కొంగు సర్దుకుంది. హబెల్ ప్రతి మలుపులోనూ ఆగి అదే చెప్పాడు. మొదటి మలుపులో మాట తడబడింది. తరువాత తడబడలేదు. చెప్పేకొద్దీ మెడలోని చొక్కా తేలికపడుతుందేమో అనుకున్నాడు. అది తేలికపడలేదు.

ఎలిఫాస్ ఇల్లు బాట చివర, రేవుకు దగ్గర. వాళ్లు అక్కడికి చేరేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. హబెల్ ఆ ఇంటి ముందు కూడా ఆగి, మిగతా ఇళ్ల ముందు చెప్పినంతే చెప్పాడు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. చెప్పి కదలబోతుండగా ఇంటి వెనక నీళ్లు ఒలికిన చప్పుడైంది. ఉప్పునీళ్ల తొట్టిలో దాచిన లోలాలను తాడు వలలో వేసి, ఒంకర భుజం మీదికి ఎత్తుకుంటూ ఎలిఫాస్ బయటికి వచ్చాడు. వల మెడకు తగిలించుకున్నాడు. నీళ్లు ఛాతీ మీదుగా కారుతున్నాయి. గుల్లలు ఇంకా బతికే ఉన్నాయి, లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"తేతే, కొంచెం మెల్లగా నడు. నాది నీదానికంటే బరువు."

హబెల్ వల వైపు చూశాడు. "పిల్ల గుల్లలు కూడా ఉన్నాయా అందులో?"

"ఉన్నాయి."

"అయితే గట్టిగా అరవాలి."

"నీ అంత గొంతు నాకెక్కడిది?"

"అబద్ధం చెప్పకు. గుండీ తెచ్చిస్తానని నడి సముద్రంలోంచి అరిస్తే ఒడ్డుదాకా వినపడిందిగా."

ఎలిఫాస్ తల దించుకుని నవ్వాడు. యాకొబా గంట మళ్లీ మోగించింది. ఎలిఫాస్ గొంతు సవరించుకుని, మొదట మెల్లగా, తరువాత ఊరికంతటికీ వినబడేలా, తను ఏ పొద్దున ఏ గుంజ దాటాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన, ఎవరి తప్పు వాళ్లు చెప్పుకుంటూ, గుల్లల్ని మళ్లీ దించడానికి నీళ్ల వైపు తిరిగారు.